ఏకైవాలో ఏకైక విదేశీ టీచర్‌గా చేరాలా, వద్దా? తేల్చుకునే పద్ధతి

జపాన్‌లో ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే ప్రైవేటు స్కూలుని ఏకైవా అంటారు. మన చెవికి ‘ఏకైక’ లాగే వినిపిస్తుంది. చిన్న ఊళ్ళలో అది అక్షరాలా నిజం కూడా. స్టేషన్ ఎదురుగా, కింద సెలూన్ ఉన్న బిల్డింగులో పై అంతస్తు. మూడు గదులు, గోడకి ప్రపంచ పటం, గుమ్మం పక్కన చెప్పుల అర. ఒక యజమాని, ఒకరో ఇద్దరో జపనీస్ టీచర్లు, ఒకే ఒక్క విదేశీ టీచరు. ఆ ఒక్కరుగా రమ్మని మీకు ఆఫర్ వచ్చిందనుకోండి. ఇంట్లో అమ్మ "ఒక్కదానివే ఎలా ఉంటావే" అంటోంది. ఫ్రెండ్సేమో "జపాన్ అంటే మాటలా, కళ్ళు మూసుకుని వెళ్ళిపో" అంటున్నారు. స్కూలువాళ్ళు శుక్రవారంలోగా చెప్పమన్నారు.

నేను నీగాత ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్ళో రెండేళ్ళు అలా పనిచేశాను. చేరేముందు నేను అడిగినవి రెండే: జీతం ఎంత, ఇల్లు చూపిస్తారా. ఆ రెండేళ్ళు అయ్యాక నాగానో ప్రాంతం నుంచి అచ్చం అలాంటి ఆఫరే ఇంకోటి వచ్చింది. అప్పుడు మాత్రం మూడు వారాలు కూర్చుని ఒక్కొక్కటే విప్పి చూశాను. కింద రాసింది ఆ రెండోసారి చేసిన పని.

మొదటి అడుగు: దేనికి భయపడాలో సరిచూసుకోండి

అందరూ ఒంటరితనం గురించే అడుగుతారు. నా అనుభవంలో అది నాలుగైదు నెలల్లో సర్దుకుంది. చిన్న ఊరు కాబట్టి కూరగాయల షాపు మామ్మ మొదలుకొని పోస్టాఫీసు గుమస్తా దాకా అందరికీ మీరు తెలిసిపోతారు. జపనీస్ చచ్చినట్టు వస్తుంది, ఎందుకంటే క్లాసు బయట ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి ఎవరూ దొరకరు. నగరాల్లో ఐదేళ్ళున్నా రాని భాష ఇక్కడ ఏడాదిలో వస్తుంది. పైగా మనకి వాక్యం కట్టే తీరు ముందే తెలుసు: నేను, అన్నం, తిన్నాను. వాళ్ళకీ అదే వరస.

సర్దుకోనిది వేరే ఉంది. పక్క కుర్చీలో మీలాంటి ఇంకో మనిషి లేకపోతే, ఏది మామూలు, ఏది కాదు అని మీకు చెప్పేది ఒక్క యజమానే. క్లాసుకి అరగంట ముందొచ్చి గదులు తుడవాలన్నారు, తుడిచాను. అప్పుడప్పుడు ఆదివారం స్టేషన్ దగ్గర నిలబడి చిరాషి, అంటే కరపత్రాలు, పంచమన్నారు, పంచాను. "జపాన్‌లో అందరూ ఇంతే" అన్నారు. కాబోలు అనుకున్నాను.

పద్నాలుగు నెలలయ్యాక ఆగస్టులో నాగవోకా బాణసంచా చూడటానికి వెళ్ళాను. ఏటా 2, 3 తేదీల్లో నది ఒడ్డున కాలుస్తారు, లక్షలమంది వస్తారు. చాప మీద పక్కన కూర్చున్నామె ఇంకో ఊరి ఏకైవాలో టీచర్. మాటల్లో తెలిసింది: ఆమెకి ఆ అరగంటకి డబ్బిస్తారు. ఆదివారం పని చేస్తే బదులు ఇంకో రోజు సెలవిస్తారు. పైన ఆకాశం నిండా పూలు విచ్చుకుంటుంటే నేను వేళ్ళ మీద అరగంటలు లెక్కపెట్టుకుంటున్నాను. వారానికి ఐదు రోజుల చొప్పున పద్నాలుగు నెలలు. సెలవులు తీసేసినా నూట నలభై గంటల దాకా తేలింది.

అందుకే ఒక్కదాన్నే ఉండగలనా అన్న బెంగని పక్కన పెట్టి, నా పరిస్థితిని దేనితో పోల్చుకోను, ఎవర్నడగను అని ఆలోచించండి. మిగతా అడుగులన్నీ ఆ కొలబద్ద సంపాదించడానికే.

రెండో అడుగు: కాగితాలు సరిపోతాయా

దీని మీద ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు, కానీ ముందు చూసుకోవాలి. ఏకైవా ఉద్యోగానికి ఇచ్చే వీసాకి ‘ఇంజినీర్, హ్యుమానిటీస్ స్పెషలిస్ట్, ఇంటర్నేషనల్ సర్వీసెస్’ అని చాంతాడంత పేరు. దీనికి మామూలుగా డిగ్రీ కావాలి. సర్కారు బడుల్లో చెప్పడానికి ఇచ్చే ‘ఇన్‌స్ట్రక్టర్’ వీసా వేరు. దానికి మీరు బోధించే భాషలో కనీసం 12 ఏళ్ళు చదివి ఉండాలన్న నియమం ఉంది. ఏకైవా వీసాకి ఆ నియమం రాసిపెట్టి లేకపోయినా, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళని స్కూళ్ళు ఆ లెక్కే అడుగుతుంటాయి. ఒకటో తరగతి నుంచీ ఇంగ్లిష్ మీడియం అయితే స్టడీ సర్టిఫికెట్లు తీసి పెట్టుకోండి. టెన్త్ దాకా తెలుగు మీడియం అయితే దాచకండి, మొదటి మెయిల్లోనే చెప్పండి. తర్వాత బయటపడితే టిక్కెట్టు డబ్బులు కూడా పోతాయి.

వీసాకి ముందు స్కూలు జపాన్ ఇమిగ్రేషన్ ఆఫీసులో మీ తరఫున అర్హత సర్టిఫికెట్టుకి దరఖాస్తు చేస్తుంది. అది వచ్చాక మూడు నెలల్లోపు జపాన్‌లో అడుగుపెట్టాలి. మన రెండు రాష్ట్రాలూ చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. "ముందు టూరిస్టు వీసా మీద వచ్చి పని మొదలుపెట్టు, కాగితాలు తర్వాత చూద్దాం" అని స్కూలు అంటే ఇక్కడితో ఆగిపోండి, మిగతా అడుగులు చదవక్కర్లేదు.

మూడో అడుగు: మీకు ముందున్న టీచర్‌ని పట్టుకోండి

ఒక్కటే అడుగు వేసే ఓపిక ఉంటే ఇది వేయండి.

ఏకైక టీచర్ ఉద్యోగం ఖాళీ అయిందంటే అందులో ఉన్న మనిషి వెళ్ళిపోయిందనే అర్థం. పది మంది టీచర్లున్న స్కూల్లో ఒకరు మానేస్తే వంద కారణాలుండొచ్చు. ఒక్కరే ఉన్నచోట ఒకరు మానేస్తే, ఆ కారణం మీకు తెలియాలి. స్కూలుని సూటిగా, మర్యాదగా అడగండి: "ఇప్పుడున్న టీచర్‌తో ఒకసారి మాట్లాడాలనుకుంటున్నాను, మెయిల్ ఐడీ ఇవ్వగలరా?" బాగా నడిచే స్కూలు రెండు రోజుల్లో ఇస్తుంది. "వాళ్ళు బిజీ", "వ్యక్తిగత వివరాలు ఇవ్వలేం" అంటే, "అయితే నా మెయిల్ వాళ్ళకి పంపండి, ఇష్టమైతే వాళ్ళే రాస్తారు" అనండి. దానికీ కుదరదంటే ఆ కుదరకపోవడమే మీకొచ్చిన సమాధానం.

దొరికాక "స్కూలు ఎలా ఉంటుంది?" అని అడక్కండి. "బాగుంటుంది" అంటారు. ఇంకా అక్కడే పనిచేస్తున్న మనిషి మెయిల్లో అంతకంటే ఏం రాయగలదు? జరిగిన సంగతులు అడగండి. మీరు ఎన్నాళ్ళు చేశారు, మీ ముందువాళ్ళు ఎన్నాళ్ళు చేశారు? చివరిసారి జ్వరం వచ్చినప్పుడు ఆ రోజు క్లాసులు ఏమయ్యాయి? జీతం ఏ తారీఖున పడుతుంది, ఎప్పుడైనా దాటిందా? గత ఏడాది ఇంటికి ఎప్పుడు వెళ్ళారు, ఎన్ని రోజులు? ఆఖరి ప్రశ్న ఫోన్లో అయితే మేలు: వెళ్ళిపోతున్నానని చెప్పినప్పుడు యజమాని ఏమన్నారు?

ముందువాళ్ళు వరసగా ఆరేసి, ఎనిమిదేసి నెలలు చేసి వెళ్ళిపోయి ఉంటే మీరూ అంతేకాలం చేస్తారని లెక్కేసుకోండి. మన ఓపిక వాళ్ళకంటే గొప్పదేమీ కాదు.

నా మొదటి స్కూల్లో నేను ఇవేవీ అడగలేదు. చేరిన వారానికి అల్మారా వెనక మూడు వేర్వేరు చేతిరాతల్లో మూడు సగం సగం పాఠాల నోట్‌బుక్కులు దొరికాయి. ఏదీ ఇరవై పేజీలు దాటలేదు. రెండో ఆఫర్ వచ్చినప్పుడు ముందున్న టీచర్ రెండు పేజీల మెయిల్ రాశాడు. స్కూలు గురించి ఆరు లైన్లు. మిగతాదంతా ఇల్లు: చలికాలం రాత్రుళ్ళు పైపులో నీళ్ళు గడ్డకడతాయి, కుళాయి సన్నటి ధారగా వదిలి పడుకో, సైకిల్ వెనక బ్రేకు వదులు, కింద ఇంటి ముసలాయనకి రాత్రి తొమ్మిది దాటాక వాషింగ్ మెషిన్ చప్పుడు పడదు. చదువుతుంటేనే నాకు సగం టెన్షన్ తగ్గింది. పైపు గురించి అంత ఓపికగా చెప్పే మనిషి ఆ చోటు నుంచి కోపంతో వెళ్ళడం లేదు.

నాలుగో అడుగు: టైంటేబుల్ తెప్పించుకుని అందులో జ్వరాన్ని పెట్టి చూడండి

"వారానికి సుమారు 25 క్లాసులు" అన్న మాటని నమ్మకండి. గత నెల ఒక వారం నిజంగా నడిచిన టైంటేబుల్ పంపమనండి. ఏకైవా రోజు మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో మొదలై రాత్రి తొమ్మిదికి ముగుస్తుంది. శనివారం పొద్దుట్నుంచీ ఉంటుంది. పిల్లలు బడి నుంచి వచ్చాక నాలుగింటి నుంచి ఆరున్నర దాకా ఊపిరి తీసుకోనివ్వరు. జపాన్ 2020 నుంచి ఐదు, ఆరు తరగతుల్లో ఇంగ్లిష్‌ని మార్కులున్న సబ్జెక్టుగా చేసింది, మూడు, నాలుగు తరగతుల్లో ఆటపాటలుగా పెట్టింది. దాంతో చిన్న ఊళ్ళలో ఏకైవా అంటే సగానికి పైగా పిల్లలే. మీకు పెద్దవాళ్ళతో కబుర్లు చెప్పే క్లాసులు ఇష్టమై, టైంటేబుల్ నిండా నాలుగేళ్ళ పిల్లలుంటే ముందే తెలుసుకోవడం మంచిది. పొద్దున పూట రిటైరైనవాళ్ళ క్లాసులుంటే మాత్రం అదృష్టమే. నా వారంలో నేను ఎదురుచూసింది గురువారం పదింటి క్లాసు ఒక్కదాని కోసమే. నలుగురు మామ్మలు, ప్రతివారం ఒకరు ఉప్పులో వేసిన ఏదో ఒక కూర డబ్బాలో తెచ్చేవాళ్ళు.

ఇప్పుడు ఆ టైంటేబుల్లో ఒక బుధవారం తీసుకుని, ఆ రోజు మీకు 102 జ్వరం అనుకోండి. ఏడు క్లాసులున్నాయి. ఎవరు చెప్తారు?

జపాన్ చట్టంలో జీతంతో కూడిన సిక్ లీవు అని విడిగా ఏదీ లేదు. జబ్బు చేస్తే మామూలు సెలవుల్లోంచే వాడుకోవాలి. ఆ మామూలు సెలవులు కూడా ఆరు నెలలు పనిచేసి, అందులో 80 శాతం రోజులు హాజరైతేనే వస్తాయి. మొదటి విడత 10 రోజులు. అంటే మొదటి ఆరు నెలల్లో, సరిగ్గా మీరు కొత్త చలికి, కొత్త పిల్లల ముక్కులకి అలవాటుపడే కాలంలో, చట్టం లెక్కన మీ చేతిలో ఒక్క రోజు కూడా ఉండదు. నలుగురు టీచర్లుంటే ఒకరి క్లాసు ఇంకొకరు చెప్తారు. ఒక్కరే అయితే క్లాసు రద్దవుతుంది. డబ్బు కట్టిన పిల్లలకి ‘ఫురికాయె’, అంటే బదులు క్లాసు, ఇవ్వాలి. ఆ బదులు క్లాసు కూడా మీరే చెప్పాలి. నా మొదటి చలికాలంలో ఇన్‌ఫ్లుయెంజాతో ఐదు రోజులు పడుకుని, లేచాక ఆ ఐదు రోజుల క్లాసులు నాలుగు ఆదివారాల్లో చెప్పాను. సెలవు పెట్టినట్టు కాదు, అప్పు చేసినట్టు అయింది.

కాబట్టి స్కూలుని అడగాల్సింది ఇలా: నేను రాలేని రోజు జపనీస్ టీచర్ నా క్లాసులు తీసుకుంటారా? బదులు క్లాసులు నా పని గంటల్లోనే పడతాయా, బయట పడతాయా? బయట పడితే గంటకి ఎంత? ఇంటర్వ్యూలో నవ్వుతూ అడిగినా సరే, జవాబు మాత్రం మెయిల్లో రాయించుకోండి. నాగానో స్కూలు యజమానురాలు ఆలోచించి రెండు రోజుల తర్వాత జవాబిచ్చారు: "ఇప్పటిదాకా దీనికి రూలు లేదు. పిల్లల క్లాసులు నేను చూసుకుంటాను, పెద్దవాళ్ళవి వాయిదా వేద్దాం." నాకు ఆ "రూలు లేదు" అన్న నిజాయితీ నచ్చింది.

ఐదో అడుగు: కాంట్రాక్టు మీద వేలు పెట్టి చదవండి

పని షరతులు రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టమే చెప్తుంది. ఇంగ్లిష్ కాపీతో పాటు జపనీస్ కాపీ కూడా తీసుకోండి. రెండింటిలో తేడా ఉంటే ఏది చెల్లుతుందని రాశారో చూడండి, సాధారణంగా జపనీస్‌దే. అందులో నాలుగు చోట్ల ఆగండి.

వారానికి 29.5 గంటలు అని ఉందా? ఆ వింత అంకెకి కారణం ఉంది. పూర్తికాలం వారం 40 గంటలైతే, అందులో ముప్పాతిక, అంటే 30 గంటలు, పనిచేసేవాళ్ళని కంపెనీ ఉద్యోగుల ఆరోగ్య బీమాలో, పెన్షన్‌లో చేర్చాలి. దాన్ని షకాయి హోకెన్ అంటారు, సగం ఖర్చు యజమానిది. చిన్న స్కూళ్ళలో 29.5 అని రాస్తే ఆ సగం తప్పించుకోవచ్చన్నది అక్కడ పాత ఎత్తు. అప్పుడు మీరు మున్సిపాలిటీ ఇచ్చే జాతీయ ఆరోగ్య బీమా, జాతీయ పెన్షన్ మీ జేబులోంచి కట్టుకోవాలి. అది నేరం కాదు, కానీ 2,50,000 యెన్‌ల జీతం రెండు చోట్లా ఒకే జీతం కాదు.

‘గ్యోము ఇతాకు’ అన్న మాట ఉందా? అంటే మీరు ఉద్యోగి కాదు, విడి కాంట్రాక్టరు. సెలవులు, ఓవర్‌టైం, నిరుద్యోగ బీమా ఏవీ ఉండవు. కొత్త దేశంలో, ఒక్కరే పనిచేసే చోట ఇది ఒప్పుకోకండి. ఇందులో నేను మెత్తగా చెప్పడానికేం లేదు.

"మధ్యలో మానేస్తే ఇన్ని యెన్‌లు కట్టాలి" అని ఉందా? కాంట్రాక్టు తప్పితే ఇంత జరిమానా అని ముందే రాసుకోవడాన్ని జపాన్ కార్మిక ప్రమాణాల చట్టం 16వ సెక్షన్ నిషేధించింది. అలాంటి లైను చెల్లదు. కానీ చెల్లని లైను రాసిన స్కూలు ఎలాంటిదో మీకు తెలిసింది కదా.

చివరిది మానేసే హక్కు. ఏడాదికి మించిన కాలపరిమితి కాంట్రాక్టయినా, మొదటి ఏడాది దాటాక మీరు ఎప్పుడైనా చెప్పి వెళ్ళొచ్చు. ఏడాది లోపు అయితే తప్పనిసరి కారణం ఉండాలి. "వీసా మాది, మానేస్తే రద్దు చేయిస్తాం" అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. వీసా గడువు తీరేదాకా అది మీదే. మానేసిన 14 రోజుల్లోగా ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి. పని లేకుండా మూడు నెలలు దాటితే రద్దు చేసే అధికారం వాళ్ళకుంది, కాబట్టి అంతలోపు ఇంకో ఉద్యోగం చూసుకోవాలి.

ఆరో అడుగు: వాళ్ళకి కావాల్సింది టీచరా, బోర్డు మీద బొమ్మా

ఒక్కరే విదేశీ టీచర్ ఉన్న స్కూలుకి ఆ మనిషే ప్రచారం. మీ ఫొటో కరపత్రం మీద, కిటికీ అద్దం మీద, బస్సు వెనక ఉంటుంది. అక్టోబరు చివర్లో మంత్రగత్తె టోపీ, డిసెంబరులో శాంటా గడ్డం మీకే పెడతారు. అది సరదాగా ఉన్నంత వరకు ఇబ్బందేం లేదు. మనవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. చాలామంది తల్లిదండ్రుల మనసులో ‘విదేశీ టీచర్’ అంటే ఒక రంగు, ఒక జుట్టు, ఒక దేశం. స్కూలు మీ గురించి వాళ్ళకి ముందే ఏం చెప్పిందన్నది చాలా ముఖ్యం.

నీగాతలో నా రెండో వారం. ‘తైకెన్’, అంటే ఉచితంగా చూపించే మొదటి క్లాసు. ఒకావిడ ఏడేళ్ళ బాబుని తీసుకొచ్చింది. నన్ను చూసి నవ్వింది, వంగి నమస్కారం పెట్టింది, తర్వాత మేనేజర్‌ని పక్కకి పిలిచి గొంతు తగ్గించి ఏదో అడిగింది. అప్పటికి నాకొచ్చిన జపనీస్ వంద మాటలు. అందులో ‘ఏగొ’, ‘దైజోబు’ రెండూ ఉన్నాయి. ఇంగ్లిష్, ఫరవాలేదా? మేనేజర్ జవాబులో ‘అమెరికా’ అన్న మాట వినిపించింది. వచ్చే ఏడాది అమెరికా టీచర్ వస్తారని చెప్పాడని తర్వాత తెలిసింది. అలాంటివాళ్ళెవరూ రాలేదు, రప్పించే ఆలోచన కూడా లేదు.

గదిలో బాబు బొమ్మల కార్డు చూపించి "బసు" అన్నాడు. మా భాషలో కూడా బస్సే అన్నాను. వాడు నమ్మలేదు. కార్డు అన్నాను, వాళ్ళదీ ‘కాదో’. మాట చివర హల్లుని ఒంటరిగా వదలలేని ఇబ్బంది వాళ్ళకీ ఉంది, మనకీ ఉంది. ఆ చివరి ‘ఉ’ని మింగేయడం చిన్నప్పుడు మనమూ కష్టపడి నేర్చుకున్నవాళ్ళమే కాబట్టి, ఎక్కడ నోరు మూయాలో మనం చూపించినంత బాగా పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు చూపించలేరని నా గట్టి నమ్మకం. బాబు రెండేళ్ళూ నా దగ్గరే చదివాడు. వాళ్ళమ్మ కూడా తర్వాత గురువారం క్లాసులో చేరింది.

ఇంటర్వ్యూలో ఇలా అడగండి: "నేను భారతీయురాలినని కరపత్రంలో రాస్తారా? ఎవరైనా తల్లిదండ్రులు దీని గురించి అడిగితే మీరు ఏం చెప్తారు?" యజమాని ఒక్క క్షణం తడబడినా ఫరవాలేదు, తడబడి ఏం చెప్పారో వినండి. "మీ పేరు కాస్త ఇంగ్లిష్ పేరులా మార్చుకుంటారా" అని అడిగిన స్కూళ్ళూ నాకు తెలుసు. వాటికి నేను జవాబు రాయలేదు.

ఏడో అడుగు: డబ్బు, ఇల్లు, మంచు

ఇల్లు స్కూలు పేరు మీద ఉంటే ఉద్యోగంతో పాటు ఇల్లూ పోతుంది. ఏకైక టీచర్ గొడవపడి మానేసిన రాత్రి ఎక్కడ పడుకుంటారో ముందే ఆలోచించండి. వీలైతే అద్దె ఒప్పందం మీ పేరు మీద, స్కూలు హామీదారుగా ఉండేలా అడగండి. చేతిలో మూడు నెలల ఖర్చు, ఇంటికి తిరుగు టిక్కెట్టు డబ్బు ఎప్పుడూ ఉంచుకోండి.

మొదటి ఏడాది జీతం చూసి రెండో ఏడాది బడ్జెట్ వేసుకోకండి. స్థానిక నివాస పన్ను వెనకటి ఏడాది ఆదాయం మీద రెండో ఏడాది జూన్ నుంచి మొదలవుతుంది. 2,50,000 జీతానికి నెలకి 10,000 యెన్‌లకి అటూ ఇటూ పోతుంది. మంచు ఊళ్ళలో హీటర్‌కి కిరోసిన్ ఖర్చు డిసెంబరు నుంచి మార్చి దాకా విడిగా ఉంటుంది. నీగాత వైపు రోడ్డు మధ్యలో గొట్టాలు పెట్టి భూమిలోని నీళ్ళు చిమ్ముతారు, మంచు కరగడానికి. కాకినాడలో కొన్న బూట్లు మొదటి రోజే తడిసి ముద్దయ్యాయి. రబ్బరు బూట్లు అక్కడే కొనుక్కోండి.

స్కూలు ఆర్థికంగా నిలబడిందా అన్నది కూడా అడగాలి: ఎంతమంది విద్యార్థులు, మూడేళ్ళ కింద ఎంతమంది? చిన్న ఊళ్ళలో పిల్లలు తగ్గిపోతున్నారు. చైన్ స్కూలైతే భద్రం అని కూడా అనుకోకండి. 2007 అక్టోబరులో జపాన్‌లో అన్నిటికంటే పెద్ద ఏకైవా చైన్ నోవా దివాలా తీసినప్పుడు వేలమంది విదేశీ టీచర్లు జీతాల్లేక రోడ్డున పడ్డారు. కంపెనీ దివాలా తీస్తే రావాల్సిన జీతంలో 80 శాతం దాకా, కొన్ని పరిమితులకి లోబడి, ప్రభుత్వం చెల్లించే ఏర్పాటు ఉంది. అయితే దానికి మీ గంటలకి, జీతానికి రుజువులుండాలి.

ఎనిమిదో అడుగు: శుక్రవారానికి ముందు బయటి మనిషిని ఒకరిని కుదుర్చుకోండి

ఇదంతా అయ్యాక కూడా లెక్క తేలకపోవచ్చు. నేను పెట్టుకున్న గీత ఇది: ముందున్న టీచర్‌తో మాట్లాడనివ్వకపోయినా, జ్వరం ప్రశ్నకి రాతపూర్వక జవాబు రాకపోయినా, వద్దు. మిగతావాటిలో రెండు మూడు లోపాలున్నా సరే, వెళ్ళొచ్చు. జీతం కాస్త తక్కువైనా, ఊరు మారుమూలదైనా వెళ్ళొచ్చు. మీకు ఇదే మొదటి టీచర్ ఉద్యోగమైతే మాత్రం నలుగురైదుగురు టీచర్లున్న చోట ఏడాది చేసి తర్వాత రండి. పాఠం చెడిపోయినప్పుడు ఎందుకు చెడిందో చూపించే మనిషి పక్కన ఉండాలి. యూట్యూబ్ ఆ పని చేయదు.

వెళ్ళాలని తేల్చుకుంటే, సరే అని మెయిల్ పెట్టే ముందే కొలబద్దని కుదుర్చుకోండి. ఒక గంట రైలు దూరంలో ఇంకో స్కూల్లో పనిచేసే టీచర్ ఒకరు, నెలకోసారి కలిసి టీ తాగేంత పరిచయం చాలు. టోక్యోలో నిషికసాయి వైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు. పప్పులు, పచ్చళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు, కానీ ఎక్కువమంది ఐటీవాళ్ళు, ఏకైవా కాంట్రాక్టు గురించి వాళ్ళకీ తెలియదు. జపాన్‌లో ఒక్క మనిషి కూడా యూనియన్‌లో చేరవచ్చు, స్కూల్లో ఇంకెవరూ సభ్యులు లేకపోయినా సరే. ఒసాకాలో జనరల్ యూనియన్, టోక్యోలో తోజెన్ ఇలా టీచర్లని చేర్చుకుంటాయి. కార్మిక శాఖ విదేశీయులకి ఇంగ్లిష్‌లో కూడా ఫోన్ సలహా ఇస్తుంది, డబ్బులక్కర్లేదు. ఆ నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి. నేను చేసుకున్నది నాగవోకా నుంచి తిరిగొచ్చిన రాత్రి.

చేరాక మొదటి నెల

ఒక నోట్‌బుక్ కొనండి. ప్రతి రోజూ స్కూల్లో అడుగుపెట్టిన సమయం, బయటికొచ్చిన సమయం, చెప్పిన క్లాసులు, క్లాసు కాని పని ఏదైనా చేస్తే అది. ఫోన్లో రాసినా ఫరవాలేదు, కాగితం మీద తారీఖులతో ఉంటే ఇంకా మంచిది. జీతం స్లిప్పులు పారేయకండి. పాఠాల ఫైలు ఒకటి మొదలుపెట్టి ఏ పిల్లాడు ఎక్కడున్నాడో రాస్తుండండి, మీరు పడుకున్న రోజు జపనీస్ టీచర్ దాన్ని చూసి క్లాసు నడపగలగాలి. రెండో వారంలో తుడవమంటే, నవ్వుతూనే, "ఈ అరగంట పని గంటల్లో కలుస్తుందా?" అని అడగండి. రెండో వారంలో అడిగితే అది ప్రశ్న. పద్నాలుగో నెలలో అడిగితే గొడవ.

నేను నాగానో ఆఫర్ ఒప్పుకున్నాను. ఇప్పుడు మూడో చలికాలం, మార్చిలో ఇంటికి వెళ్ళిపోతున్నాను. మొన్న యజమానురాలు నా మెయిల్ ఐడీ తర్వాత రాబోయే అమ్మాయికి ఇచ్చారు, నన్ను అడిగే ఇచ్చారు. ఆ అమ్మాయి మొదటి ప్రశ్న జ్వరం గురించే. సైకిల్ వెనక బ్రేకు సంగతి ఆమెకి నేనే రాయాలి, దాన్ని నేనూ బాగుచేయించలేదు.